సీడీ డ్రైవ్ లేని పాత థింక్‌ప్యాడ్‌కి బయాస్ అప్‌డేట్: ఐఎస్‌ఓ పెన్‌డ్రైవ్ మీద ఎందుకు లేవదు, ఎలా లేపాలి

అడిగిన ప్రశ్న క్లుప్తంగా: సెకండ్ హ్యాండ్‌లో కొన్న థింక్‌ప్యాడ్ ఎక్స్230. అందులో లినక్స్ మింట్ ఒక్కటే ఉంది. సెక్యూరిటీ కోసం బయాస్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందు నడిచే, బోర్డు మీది చిప్‌లో ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయాలనుకుంటున్నారు, మధ్యలో చెడితే ఏమిటన్న భయమూ ఉంది. తయారీదారు సైట్‌లో బయాస్ అప్‌డేట్ రెండు రూపాల్లో దొరుకుతోంది. ఒకటి విండోస్‌లో నడిచే ప్రోగ్రామ్, రెండోది బూటబుల్ సీడీ ఐఎస్‌ఓ, అంటే మొత్తం సీడీకి ఒకే ఫైల్‌గా ఉన్న నకలు. డీవీడీ డ్రైవ్ లేదు. ఐఎస్‌ఓని ఎచర్ అనే ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌కి రాస్తే ఏదో వార్నింగ్ వచ్చింది, అయినా కానిచ్చారు. బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ కనిపిస్తోంది, ఎంచుకుంటే స్క్రీన్ ఒకసారి మినుక్కుమని మళ్లీ అదే మెనూకి వస్తోంది. పెన్‌డ్రైవ్ పాడైందా, ఐఎస్‌ఓ పాడైందా?

రెండూ బాగానే ఉన్నాయి. ఎచర్ ఇచ్చిన వార్నింగ్ చదివి ఉంటే అసలు సంగతి అక్కడే ఉంది: ఈ ఇమేజ్‌లో పార్టిషన్ టేబుల్ (డిస్క్‌ని ఏ భాగాలుగా పంచారో చెప్పే పట్టిక) కనబడటం లేదు, ఇది బూట్ కాకపోవచ్చు అని. చాలామంది దాన్ని పట్టించుకోరు. నేనూ మొదట్లో పట్టించుకోలేదు.

ముందుగా ఒక మాట. ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో రాస్తున్నాను కాబట్టి కమాండ్లను పలికినట్టే రాస్తాను. టెర్మినల్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో, చిన్న బడిలోనే కొట్టండి.

ఉబుంటు, మింట్ ఐఎస్‌ఓలు నేరుగా పెన్‌డ్రైవ్‌కి రాస్తే లేస్తాయి కదా, ఇదెందుకు లేవదు అన్నది మీ అసలు అనుమానం. సీడీ కోసం పెట్టుకున్న ఐఎస్‌ఓ 9660 ఫార్మాట్‌లో మొదటి 16 సెక్టార్లు ఖాళీగా వదిలేస్తారు. సీడీ సెక్టార్ అంటే 2,048 బైట్లు, కాబట్టి మొత్తం 32 కేబీ ఖాళీ జాగా. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయ్యే కంప్యూటర్ పాత పద్ధతిలో చూసేది సరిగ్గా అక్కడే, మొట్టమొదటి 512 బైట్లలో. ఉబుంటు వాళ్లు ఆ ఖాళీ జాగాలో హార్డ్ డిస్క్‌కి ఉండే బూట్ సెక్టార్‌ని, పార్టిషన్ టేబుల్‌ని ముందే ఇరికించి ఇస్తారు. దాన్నే హైబ్రిడ్ ఐఎస్‌ఓ అంటారు. సీడీగా చూస్తే సీడీ, డిస్క్‌గా చూస్తే డిస్క్. మీ బయాస్ ఐఎస్‌ఓని తయారుచేసిన వాళ్లకు సీడీ తప్ప వేరే ఆలోచన లేదు. ఆ 32 కేబీలో సున్నాలే ఉన్నాయి. మీ లాప్‌టాప్ అక్కడికి వెళ్లి చూసింది, ఏమీ లేదు, వెనక్కి వచ్చేసింది. మీరు చూసిన మినుకు అదే.

మరి సీడీ ఎలా బూట్ అవుతుంది? 1995లో ఫీనిక్స్, ఐబీఎమ్ కలిసి ఎల్ టొరిటో అని ఒక పద్ధతి రాసుకున్నాయి. ఆ పేరు కాలిఫోర్నియాలో ఇర్వైన్ ఊళ్లోని ఒక మెక్సికన్ రెస్టారెంట్‌ది. ఈ పద్ధతి ప్రకారం సీడీ 17వ నంబర్ సెక్టార్‌లో, అంటే 34,816వ బైట్ దగ్గర, ఒక చిన్న రికార్డు ఉంటుంది. బూట్ క్యాటలాగ్ ఫలానా సెక్టార్‌లో ఉంది అని అది చెబుతుంది. ఆ క్యాటలాగ్‌లో బూట్ ఇమేజ్ ఎక్కడుంది, దాన్ని ఏమనుకుని లేపాలి అని రాసి ఉంటుంది. ఏమనుకుని అంటే: 0 ఉంటే ఉన్నదున్నట్టుగా, 1, 2, 3 ఉంటే 1.2, 1.44, 2.88 ఎమ్‌బీ ఫ్లాపీగా, 4 ఉంటే హార్డ్ డిస్క్‌గా. అప్పటి కంప్యూటర్లకు ఫ్లాపీ నుంచి, హార్డ్ డిస్క్ నుంచి బూట్ కావడమే తెలుసు కాబట్టి సీడీలో వాటి బొమ్మ పెట్టి బయాస్‌ని నమ్మించేవాళ్లు.

మీ ఐఎస్‌ఓలో ఉన్నది 4 అంకె రకం, హార్డ్ డిస్క్. అంటే ఆ ఐఎస్‌ఓ ఒక కవరు మాత్రమే. లోపల అచ్చమైన చిన్న హార్డ్ డిస్క్ ఇమేజ్ ఒకటి ఉంది, సొంత బూట్ సెక్టార్‌తో, సొంత పార్టిషన్‌తో. కవరు చింపి లోపలిది బయటికి తీసి, దాన్ని పెన్‌డ్రైవ్‌కి రాస్తే పని అయిపోతుంది. కొత్త ఐఎస్‌ఓ ఏదీ తయారుచేయక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌ని రూఫస్‌తో, యూనెట్‌బూటిన్‌తో రకరకాలుగా చేసి చూడమని ఇప్పటికే ఎవరో ఒకరు చెప్పి ఉంటారు. ఆ సాధనాలు ఐఎస్‌ఓ లోపలి ఫైళ్లను చూస్తాయి. ఇక్కడేమో పైకి కనిపించే ఫైళ్లలో పనికొచ్చేది ఏమీ ఉండదు, సరుకంతా ఆ బూట్ ఇమేజ్‌లోనే. వెంటాయ్ అనే ఇంకో సాధనంతో కొందరికి లేస్తుంది, కొందరికి లేవదు. ఫర్మ్‌వేర్ (బయాస్‌లాగా చిప్‌లోనే ఉండే సాఫ్ట్‌వేర్) పనిలో అలాంటి అదృష్టం మీద ఆధారపడటం నాకు ఇష్టం ఉండదు.

మింట్‌లో జెన్ఐఎస్ఓఇమేజ్ అనే ప్యాకేజీ వేసుకోండి. దానితో పాటు గెట్ఎల్‌టొరిటో అనే చిన్న పెర్ల్ స్క్రిప్ట్ వస్తుంది. దాని వాడకం ఇంతే: గెట్ఎల్‌టొరిటో, తర్వాత మైనస్ ఓ, తర్వాత బయటికి రావలసిన ఫైల్ పేరు (బయాస్.ఐఎమ్‌జీ అనుకుందాం), చివర మీ ఐఎస్‌ఓ పేరు. ఎంటర్ కొట్టగానే నాలుగైదు లైన్లు వస్తాయి. వాటిని దాటేయకండి, అవే మీ ఎక్స్‌రే. నా దగ్గర ఒక థింక్‌ప్యాడ్ ఐఎస్‌ఓకి ఇలా వచ్చింది: క్యాటలాగ్ 20వ సెక్టార్‌లో మొదలు, సీడీ తయారుచేసింది నీరో బర్నింగ్ రామ్, ఆర్కిటెక్చర్ ఎక్స్86, బూట్ మీడియా హార్డ్ డిస్క్, ఇమేజ్ 27వ సెక్టార్‌లో మొదలై 512 బైట్ల సెక్టార్లు 47,104 ఉన్నాయి. లెక్క వేస్తే సరిగ్గా 23 ఎమ్‌బీ. తయారైన ఫైల్ సైజు కూడా అంతే ఉండాలి. మీ వెర్షన్‌కి అంకెలు మారొచ్చు గాని హార్డ్ డిస్క్ అన్న మాట మాత్రం ఉండాలి.

ఎప్పుడైనా ఆ స్క్రిప్ట్ దొరకని మెషీన్ మీద ఉంటే అదే పని డీడీ అనే కాపీ కమాండ్‌తో చేతితో చేయొచ్చు: బ్లాక్ సైజు 2048, స్కిప్ 27 (అంటే ఇమేజ్ మొదలయ్యే సెక్టార్). కాకపోతే ఎక్కడ ఆపాలో తెలియాలి. హార్డ్ డిస్క్ రకంలో క్యాటలాగ్ రాసే సైజు ఒట్టి నామమాత్రం. అసలు పొడవు తెలియాలంటే లోపలి పార్టిషన్ టేబుల్ చదవాలి. ఆ స్క్రిప్ట్ చేసే ఉపకారం ముఖ్యంగా అదే.

ఇక పెన్‌డ్రైవ్‌కి రాయడం. పెన్‌డ్రైవ్ పెట్టకముందు ఒకసారి ఎల్ఎస్‌బీఎల్‌కే (తగిలించి ఉన్న డ్రైవుల జాబితా చూపే కమాండ్) కొట్టండి, పెట్టాక ఒకసారి కొట్టండి. కొత్తగా వచ్చిన పేరే మీది. తర్వాత సుడో డీడీ, ఐఎఫ్=బయాస్.ఐఎమ్‌జీ, ఓఎఫ్=/డెవ్/ఎస్‌డీబీ, బీఎస్=1ఎమ్ (ఈ ఎమ్ ఒక్కటి మాత్రం పెద్ద బడి), కాన్వ్=ఎఫ్‌సింక్. మీది ఎస్‌డీబీ అనుకుంటే ఓఎఫ్ దగ్గర ఎస్‌డీబీ అనే రాయాలి, ఎస్‌డీబీ1 అని కాదు. ఇమేజ్‌లో బూట్ సెక్టార్ కూడా ఉంది కాబట్టి అది డ్రైవ్ మొదట్లోకే వెళ్లాలి, మొదటి పార్టిషన్ లోపలికి కాదు. చివరి ఎఫ్‌సింక్ లేకపోతే డీడీ అయిపోయిందని చెప్పాక కూడా డేటా ఇంకా మెమరీలోనే ఉండొచ్చు, మీరు పెన్‌డ్రైవ్ పీకేస్తారు, సగం రాసిన ఇమేజ్ మిగులుతుంది.

ఎల్ఎస్‌బీఎల్‌కే రెండుసార్లు కొట్టమనడం వెనక నా సొంత కథ ఒకటి ఉంది. కొన్నేళ్ల క్రితం ఒక ఫోటో స్టూడియో అతని లాప్‌టాప్‌కి ఇదే పని చేస్తున్నాను. అతని పెళ్లిళ్ల ఫోటోల ఎక్స్‌టర్నల్ డిస్క్ కూడా పక్కనే తగిలించి ఉంది. ఎస్‌డీబీ అదీ, ఎస్‌డీసీ నా పెన్‌డ్రైవూ. అలవాటుగా ఎస్‌డీబీ కొట్టేశాను. డిస్క్ మొదటి 23 ఎమ్‌బీ పోయింది, పార్టిషన్ టేబుల్‌తో సహా. ఆ పూట నాకు అన్నం సయించలేదు. బతికించింది ఏమిటంటే, ఆ డిస్క్ విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉంది. అందులో ఫైళ్ల సూచీ మొదట్లో ఉండదు, మామూలుగా 3 జీబీ లోపలికి వెళ్లాక ఉంటుంది. బూట్ సెక్టార్‌కి కూడా పార్టిషన్ చివర ఒక నకలు ఉంటుంది. టెస్ట్‌డిస్క్ అనే రికవరీ ప్రోగ్రామ్ ఆ నకలుని పట్టుకుని పార్టిషన్‌ని తిరిగి నిలబెట్టింది. అదే డిస్క్ ఇంకో ఫార్మాట్‌లో ఉంటే ఏమయ్యేదో ఆలోచించడం కూడా ఇష్టం లేదు. అప్పటినుంచి పని చేసే మెషీన్‌కి ఆ ఒక్క పెన్‌డ్రైవ్ తప్ప ఇంకేదీ తగిలించి ఉంచను.

పెన్‌డ్రైవ్ సిద్ధమైంది. ఫ్లాష్ చేయబోయే ముందు (అంటే కొత్త బయాస్‌ని చిప్‌లోకి రాయబోయే ముందు) ఎక్స్230 విషయంలో మాత్రం రెండు నిమిషాలు ఆగండి. మీరు చెప్పిన కారణం సెక్యూరిటీ. 2018లో బయటపడ్డ స్పెక్టర్ లాంటి ప్రాసెసర్ లోపాలకు కొత్త మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) కావాలి. దాని కోసమే అయితే బయాస్ మార్చనక్కర్లేదు, మింట్‌లో ఇంటెల్ మైక్రోకోడ్ ప్యాకేజీ ఉంటే ప్రతి బూట్‌లో కెర్నెల్ దాన్ని ప్రాసెసర్‌కి ఎక్కిస్తుంది. పైగా ఈ మోడల్‌కి పాత ఎక్స్220 కీబోర్డు బిగించుకోవడం, బయాస్ ఒప్పుకోని వైఫై కార్డు పెట్టుకోవడం లాంటి ముచ్చట్లు చాలామందికి ఉంటాయి. వాటికి పాత బయాస్ వెర్షన్ కావాలి. కొత్త వెర్షన్‌కి వెళ్లాక వెనక్కి రానివ్వదు. అలాంటి ఆలోచన ఏమాత్రం ఉన్నా ముందు ఆ సంగతి తేల్చుకున్నాకే అప్‌డేట్ చేయండి. లేదు, తయారీదారు ఇచ్చిన చివరి వెర్షన్ మీద ప్రశాంతంగా ఉంటాను అంటే సరే, ముందుకు వెళ్దాం.

లాప్‌టాప్ వెనక స్టిక్కర్ మీద మెషీన్ టైప్ నాలుగు అంకెలు చూసుకోండి. ఎక్స్230కీ ఎక్స్230 టాబ్లెట్‌కీ బయాస్ వేరు, పేర్లు మాత్రం అన్నదమ్ముల్లా ఉంటాయి. ఇప్పుడున్న వెర్షన్ ఏమిటో సుడో డీఎమ్ఐడీకోడ్, మైనస్ ఎస్, బయాస్-వెర్షన్ అని కొడితే చెబుతుంది. కాగితం మీద రాసి పెట్టుకోండి. డౌన్‌లోడ్ చేసిన ఐఎస్‌ఓ చెక్‌సమ్‌ని సైట్‌లో ఇచ్చిన దానితో పోల్చండి.

తర్వాత ఎఫ్1తో బయాస్ సెటప్‌లోకి వెళ్లండి. స్టార్టప్ ట్యాబ్‌లో యూఈఎఫ్ఐ/లెగసీ బూట్ (యూఈఎఫ్ఐ అంటే బయాస్‌కి కొత్త తరం రూపం, లెగసీ అంటే పాత పద్ధతి) అన్నది బోత్, లెగసీ ఫస్ట్‌గా ఉంచండి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఆపండి. సెక్యూరిటీ ట్యాబ్‌లో యూఈఎఫ్ఐ బయాస్ అప్‌డేట్ ఆప్షన్ అనే ఉపమెనూ ఉంది, అందులో ఎండ్ యూజర్లు ఫ్లాష్ చేయొచ్చా అన్నది ఎనేబుల్డ్‌గా ఉండాలి. సెకండ్ హ్యాండ్ థింక్‌ప్యాడ్‌లతో ఎక్కువ గొడవ ఇక్కడే వస్తుంది. అవి చాలావరకు కంపెనీల్లో వాడి వదిలేసినవి. ఆ కంపెనీ ఐటీ వాళ్లు సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెట్టి ఈ ఆప్షన్ మూసేసి ఉంటారు. సెటప్‌లోకి వెళ్లగానే పాస్‌వర్డ్ అడిగితేనో, ఆప్షన్లన్నీ బూడిదరంగులో ఉంటేనో మీ సమస్య పెన్‌డ్రైవ్ కాదు. అమ్మిన వాళ్లనే పట్టుకోండి, కొన్న వారంలోపు అయితే ఇంకా మంచిది.

ఇంకొకటి, బ్యాటరీ. ఈ అప్‌డేటర్‌కి ఛార్జర్ ఒక్కటే చాలదు, ఛార్జ్ ఉన్న బ్యాటరీ కూడా పెట్టి ఉండాలి, లేకపోతే మొదలుపెట్టదు. చచ్చిపోయిన బ్యాటరీతో వచ్చిన లాప్‌టాప్‌లు మా దగ్గరకి చాలా వస్తాయి. అందుకే పని చేసే బ్యాటరీ ఒకటి ఈ పనికే దాచి పెట్టుకున్నాను, పని అయ్యాక తీసేసుకుంటాను. మీ ఫ్రెండ్స్‌లో ఎవరికైనా అదే మోడల్ ఉంటే అరగంట అప్పు అడగండి. కరెంటు ఉందిలే, బ్యాటరీతో పనేముంది అని దాన్ని దాటవేసే దారులు కొందరు చెబుతారు. మే నెల మధ్యాహ్నం మా వీధిలో కరెంటు ఎన్నిసార్లు పోయి వస్తుందో నాకు తెలుసు, ఆ దారులు నేను చెప్పను.

ఎఫ్12తో బూట్ మెనూ, అందులో పెన్‌డ్రైవ్. ఈసారి అక్షరాల మెనూ ఒకటి వస్తుంది. మొదటిది చదువుకోవడానికి, రెండోది సిస్టమ్ ప్రోగ్రామ్ అప్‌డేట్, మూడోది మోడల్ నంబర్ మార్చడం. మీకు కావలసింది రెండోది. మూడోదాని జోలికి పోవద్దు. అవునా కాదా అని అడిగినప్పుడు అవును కొట్టాక డిస్క్ తీసేసి ఎంటర్ నొక్కమంటుంది, అప్పుడు పెన్‌డ్రైవ్ తీయండి. అసలు రాత రీస్టార్ట్ అయ్యాక జరుగుతుంది. మధ్యలో స్క్రీన్ నల్లగా ఉండొచ్చు, ఫ్యాన్ హోరెత్తొచ్చు, దానంతట అదే మళ్లీ రీస్టార్ట్ కావచ్చు. టెన్షన్‌తో పవర్ బటన్ నొక్కడమే ఈ దశలో జరిగే పెద్ద ప్రమాదం. నేను బటన్ నుంచి చేయి దూరంగా ఉంచుకోవడానికి టీ తాగడానికి వెళ్తాను.

అయ్యాక సెటప్‌లో ఎఫ్9తో డిఫాల్ట్‌లు వేసి, మీ బూట్ సెట్టింగులు తిరిగి పెట్టి, ఎఫ్10తో సేవ్ చేయండి. మింట్ యూఈఎఫ్ఐలో వేసి ఉంటే బూట్ జాబితాలో దాని పేరు మాయం కావచ్చు. డిస్క్ మీద మింట్ అలాగే ఉంటుంది, లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేచి, మింట్‌ని లేపే గ్రబ్ అనే ప్రోగ్రామ్‌ని మళ్లీ ఎక్కిస్తే సరి. ఇది చదివేవాళ్లలో విండోస్, దాని డిస్క్ తాళం బిట్‌లాకర్ ఉన్నవాళ్లు అప్‌డేట్‌కి ముందే బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేసుకోండి. లేకపోతే తర్వాతి బూట్‌లో 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది.

మీ ప్రశ్నకి జవాబు ఇక్కడితో అయింది. కానీ కింద ఇంకొకరు, మా బోర్డుకి ఐఎస్‌ఓ కూడా లేదు, ఒక డాస్ (విండోస్‌కి ముందటి ఆపరేటింగ్ సిస్టమ్) ఫ్లాషర్, ఒక రామ్ ఫైల్ (ఆర్‌ఓఎమ్, అంటే చిప్‌లోకి వెళ్లే బయాస్) జిప్‌లో పెట్టి ఇచ్చారు, బూటబుల్ ఇమేజ్ మనమే ఎలా చేసుకోవాలి అని అడిగారు. అదీ చెబుతాను.

ముందు బోర్డు సెటప్‌లో ఈజడ్ ఫ్లాష్, క్యూ-ఫ్లాష్, ఎమ్-ఫ్లాష్ లాంటిది ఉందేమో చూడండి. ఉంటే ఇమేజ్ గిమేజ్ ఏమీ వద్దు. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో రామ్ ఫైల్ వేసి సెటప్‌లోంచే ఫ్లాష్ చేయండి. అదే అన్నిటికంటే మంచి దారి. లినక్స్‌లో ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు తెచ్చే ఎఫ్‌డబ్ల్యుయూపీడీని కూడా అడిగి చూడండి. రెడ్ హ్యాట్‌లో రిచర్డ్ హ్యూస్ మొదలుపెట్టిన పని అది. 2018లో లెనోవో కూడా చేరాక చాలా కొత్త లాప్‌టాప్‌లకి బయాస్ అప్‌డేట్ మామూలు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లాగే వచ్చేస్తోంది. ఎక్స్230 అంత పాతవాటికి అది అక్కరకు రాదు.

ఇవేవీ లేనప్పుడు ఫ్రీడాస్. మైక్రోసాఫ్ట్ డాస్‌ని వదిలేయబోతోందని తెలిసి 1994లో జిమ్ హాల్ అనే విద్యార్థి మొదలుపెట్టిన ప్రాజెక్టు. ఈ రోజుకీ పాత మెషీన్ల ఫర్మ్‌వేర్ పనికి దానంత పనికొచ్చేది లేదు. విండోస్ మెషీన్ దొరికితే రూఫస్‌లో ఫ్రీడాస్ ఎంచుకుని పెన్‌డ్రైవ్ చేసి, రెండు ఫైళ్లూ అందులో కాపీ చేస్తే ఐదు నిమిషాల పని. లినక్స్ ఒక్కటే ఉంటే ఫ్రీడాస్ సైట్‌లో లైట్ యూఎస్‌బీ అనే ఇమేజ్ ఉంది, అది తీసుకోండి. పాత పాఠాల్లో 1.44 ఎమ్‌బీ ఫ్లాపీ ఇమేజ్ వాడమని ఉంటుంది. అప్పటి బయాస్ చిప్‌లు అందులో పట్టేవి. ఇప్పటి రామ్ ఫైల్ 8, 16 ఎమ్‌బీ ఉంటుంది, ఫ్లాపీ ఎక్కడ చాలుతుంది?

ఇమేజ్‌లోకి ఫైళ్లు వేయడానికి మౌంట్ చేయాల్సిన పని కూడా లేదు. ఎఫ్‌డిస్క్ మైనస్ ఎల్ అని ఇమేజ్ పేరు కొడితే పార్టిషన్ ఏ సెక్టార్‌లో మొదలో చెబుతుంది. 63 అనుకుంటే 63 ఇంటూ 512, అంటే 32,256. ఎమ్‌టూల్స్ ప్యాకేజీలోని ఎమ్‌కాపీకి మైనస్ ఐ తర్వాత ఇమేజ్ పేరు, రెండు ఎట్ గుర్తులు, 32256 ఇచ్చి, మీ ఫైల్ పేరు, చివర రెండు కోలన్లు పెట్టండి. అంతే, లోపలికి వెళ్లిపోతుంది. ఫైల్ పేరు ఎనిమిది అక్షరాలు, చుక్క, మూడు అక్షరాలకు మించకుండా ముందే మార్చుకోండి. లేకపోతే డాస్‌లో చివర టిల్డా, ఒకటి తగిలించిన తోక పేరు కనిపిస్తుంది, ఏది ఏదో తెలియక చీకట్లో తడుముకుంటారు.

తర్వాత ఈ ఇమేజ్‌ని క్యూఈఎమ్‌యూలో (కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ నడిపే ప్రోగ్రామ్) హార్డ్ డిస్క్‌గా పెట్టి ఒకసారి లేపి చూడండి. డాస్ ప్రాంప్ట్ వచ్చి, డీఐఆర్ కొడితే మీ రెండు ఫైళ్లూ సరైన సైజులతో కనిపిస్తే ఇమేజ్ బాగున్నట్టే. ఫ్లాషర్‌ని మాత్రం అందులో నడపకండి, అది వెతికే చిప్ అక్కడ ఉండదు.

అసలు మెషీన్ మీద లేపేటప్పుడు రెండు జాగ్రత్తలు. లైట్ యూఎస్‌బీ అన్నది నిజానికి ఫ్రీడాస్ ఇన్‌స్టాలర్. దాని పాటికి దాన్ని వదిలేస్తే భాష అడుగుతుంది, తర్వాత డిస్క్ పార్టిషన్ చేయమంటావా అంటుంది. అక్కడ పొరపాటున అవును అంటే పోయేది మీ లోపలి డిస్క్. అందుకే లేచేటప్పుడు ఎఫ్5, ఎఫ్8 అని కనిపించగానే ఎఫ్5 నొక్కండి. కాన్ఫిగ్, ఆటోఎగ్జెక్ రెండూ దాటేసి నేరుగా ప్రాంప్ట్‌కి వస్తుంది. దీనివల్ల రెండో లాభం కూడా ఉంది. ఈఎమ్ఎమ్386 తరహా మెమరీ మేనేజర్ ఎక్కి ఉంటే చాలా ఫ్లాషర్లు ప్రొటెక్టెడ్ మోడ్ అని చెప్పి ఆగిపోతాయి. ఎఫ్5 నొక్కితే అదీ ఎక్కదు. అవకాశం ఉంటే కొత్తది రాసే ముందు ఉన్న బయాస్‌ని ఫైల్‌గా సేవ్ చేసుకునే ఆప్షన్ మొదట వాడండి. ఆ ఫైల్ విలువ అవసరం పడ్డ రోజున తెలుస్తుంది.

ఈ ఇమేజ్ నిజంగా ఐఎస్‌ఓగానే కావాల్సిన సందర్భం ఒకటి ఉంది. సర్వర్‌లు. ఐడ్రాక్, ఐలో లాంటి, సర్వర్‌ని దూరం నుంచి నడిపే రిమోట్ కన్సోల్‌లో వర్చువల్ సీడీగా తగిలించడానికి ఐఎస్‌ఓ అడుగుతారు. అప్పుడు ఇందాక చింపిన కవరునే మళ్లీ కట్టాలి. జెన్ఐఎస్ఓఇమేజ్‌కి మైనస్ బీతో ఇమేజ్ పేరు ఇచ్చి, హార్డ్-డిస్క్-బూట్ అనే ఆప్షన్ తప్పక పెట్టండి. అది మరిచిపోతే ఫ్లాపీ అనుకుంటుంది, బూట్ ఇమేజ్ సైజు ఒప్పుకోదగ్గది కాదని ఎర్రర్ ఇస్తుంది. ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు, ఫ్లాపీకి ఆ మూడు సైజులే ఉన్నాయి. ఇమేజ్‌లో ఒక్క పార్టిషన్ మాత్రమే ఉండాలన్నది ఇంకో షరతు.

కొత్త మెషీన్లకు ఈ డాస్ దారి మూసుకుపోయింది. డాస్‌కి పాత బయాస్ సేవలు కావాలి. యూఈఎఫ్ఐలో వాటిని అనుకరించే సీఎస్‌ఎమ్‌ని 2020 నాటికి తీసేస్తామని ఇంటెల్ ముందే చెప్పింది. సెటప్‌లో సీఎస్‌ఎమ్ అన్న మాటే లేకపోతే ఫ్రీడాస్‌తో కుస్తీ పట్టకండి. యూఈఎఫ్ఐకి బూట్ సెక్టార్ అక్కర్లేదు. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో ఈఎఫ్ఐ అనే ఫోల్డర్, దానిలో బూట్ అనే ఫోల్డర్, దానిలో బూట్‌ఎక్స్64.ఈఎఫ్ఐ అనే ఫైల్ ఉంటే అదే లేస్తుంది. యూఈఎఫ్ఐ షెల్‌ని ఆ పేరుతో పెట్టి, సెక్యూర్ బూట్ ఆపి, తయారీదారు ఇచ్చిన ఈఎఫ్ఐ ఫ్లాషర్‌ని పక్కన వేసుకోండి. షెల్‌లో ఎఫ్ఎస్0 కోలన్ కొట్టి, ఎల్ఎస్ కొట్టి మీ ఫైళ్లు కనిపిస్తే అదే మీ పెన్‌డ్రైవ్. కనిపించకపోతే ఎఫ్ఎస్1. ఎల్ఎస్ఐ 9211 లాంటి స్టోరేజ్ కార్డులు ఫ్లాష్ చేసేవాళ్లకి ఇది బాగా తెలుసు. డాస్ ఫ్లాషర్ కొన్ని బోర్డుల మీద పీఏఎల్ ఇనిషియలైజ్ కాలేదన్న ఎర్రర్‌తో మొరాయిస్తుంది, అదే పని ఈఎఫ్ఐ ఫ్లాషర్‌తో షెల్‌లో అవుతుంది. ఆ కార్డులో పాత ఫర్మ్‌వేర్ చెరిపాక కొత్తది రాసేవరకు రీబూట్ చేయకూడదు, అది ఒక్కటే గుర్తు పెట్టుకోండి.

ఎస్ఎస్‌డీల ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కోసం ఇచ్చే ఐఎస్‌ఓలు చాలావరకు లినక్స్ మీద కట్టినవి. వాటిలో హైబ్రిడ్ ఏదో, కాదో తెలుసుకోవడానికి ఫైల్ అనే కమాండ్‌కి ఐఎస్‌ఓ పేరు ఇవ్వండి. జవాబులో డాస్/ఎమ్‌బీఆర్ బూట్ సెక్టార్ అని ఉంటే నేరుగా డీడీ చేయొచ్చు. ఒట్టి బూటబుల్ అని మాత్రమే ఉంటే లోపల ఎల్ టొరిటో ఉందని అర్థం, గెట్ఎల్‌టొరిటోతో ఏ రకమో చూడండి. ఎస్ఎస్‌డీ ఫర్మ్‌వేర్ విషయంలో నా అభిప్రాయం బయాస్‌కి పూర్తిగా వ్యతిరేకం. బయాస్ అవసరం ఉంటేనే మారుస్తాను. ఎస్ఎస్‌డీకి మాత్రం నోటీసు వస్తే బ్యాకప్ తీసి ఆ వారమే చేస్తాను. క్రూషియల్ ఎమ్4లో 5,184 గంటలు నడిచాక డ్రైవ్ స్పందించడం మానేసే బగ్ ఉండేది, 2012 జనవరిలో 0309 ఫర్మ్‌వేర్‌తో సరిచేశారు. 2019 నవంబర్‌లో హెచ్‌పీఈ సర్వర్లలో వాడే కొన్ని ఎస్ఏఎస్ ఎస్ఎస్‌డీల గురించి ఇంకా భయంకరమైన నోటీసు ఇచ్చింది. 32,768 గంటలు, అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలు నిండగానే డ్రైవూ డేటా రెండూ పోతాయని. అంకె చూస్తేనే తెలుస్తోంది, 16 బిట్ల లెక్క పొంగిపోయింది. ఒకేరోజు పెట్టిన నాలుగు డ్రైవులు ఒకేరోజు పోతే, ఒక డ్రైవ్ పోయినా డేటా నిలబెట్టే రెయిడ్ ఏం కాపాడుతుంది?

అలాగని విడుదలైన రోజే ఎగబడకండి. 2009 జనవరిలో సీగేట్ బారకూడా 7200.11 డిస్కులకు ఇచ్చిన మొదటి మందు కొన్ని 500 జీబీ డిస్కులనే పడుకోబెట్టింది. దాన్ని వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చారు. అందుకే ముందు బ్యాకప్, తర్వాతే మందు.

చివరిగా, ఫ్లాష్ చెడితే ఏమిటని అడిగారు. ఎక్స్230లో పామ్‌రెస్ట్ విప్పితే 8 ఎమ్‌బీది ఒకటి, 4 ఎమ్‌బీది ఒకటి, ఎనిమిది కాళ్ల ఫ్లాష్ చిప్‌లు రెండు కనిపిస్తాయి. క్లిప్ తగిలించి, సీహెచ్341ఏ ప్రోగ్రామర్‌తో బయటి నుంచి రాయొచ్చు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట్ల, ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే నల్ల బోర్డు ప్రోగ్రామర్ డేటా లైన్ల మీద 5 వోల్టులు పంపుతుంది. ఆ చిప్‌లు 3.3 వోల్టులవి, కాబట్టి ఆ బోర్డుని సరిచేయకుండా వాడకండి. చేయి తిరగని పని అయితే చిప్ లెవల్ రిపేర్ వాళ్లకి ఇవ్వండి, మదర్‌బోర్డు పోయిందని ఎవరైనా అంటే మాత్రం వెంటనే నమ్మకండి.

ముందు గెట్ఎల్‌టొరిటో నడిపి ఆ నాలుగు లైన్లు ఇక్కడ పెట్టండి. మీడియా హార్డ్ డిస్క్ అని కాకుండా ఇంకేదైనా వస్తే పెన్‌డ్రైవ్‌కి రాయకుండా ఆగండి, చూసి చెబుతాను.